అత్తమ్మకు తెరుచుకోని పేజీ

మా అత్తగారిల్లు వరంగల్ కొత్తవాడలో. వీధిలోకి ఒకటే గుమ్మం. గుమ్మం దాటగానే ముందు గదిలో జంపఖానాల మగ్గం, దాని గుంటలో కాళ్లు పెట్టుకుని పక్కపక్కన అత్తమ్మ, మామ. జంపఖానా వెడల్పుగా ఉంటుంది కాబట్టి ఒక్కరి చేతులు చాలవు. ఆ అంచు నుంచి ఒకరు పేక దారం ఉన్న నాడె తోస్తే ఈ అంచు దగ్గర ఇంకొకరు అందుకోవాలి.

ఆ ఇంటికి ఎవరొచ్చినా అత్తమ్మ తల ఎత్తదు, చెయ్యి ఆపదు. కానీ వచ్చినవాళ్లు ఎటు పోవాలో చెప్పేది ఆమే.

"జంపఖానాలు చూస్తరా? చెప్పులిడిసి ఆ అర్రలకు పోండ్రి."

"రంగులు తెచ్చినవా తమ్మీ? ఎనుకకు పో, పెరట్ల నీళ్ల గోలెం కాడ పెట్టు."

"వదినా, వంటింట్లకు పో. చాయ్ పొయ్యి మీద ఉన్నది, నువ్వే పోసుకో."

రంగుల సంచులు తెచ్చే ఆ తమ్ముడు నిజానికి ఆమెకు వరుసకు తమ్ముడే. సంచులతో వస్తే పెరట్లోకి, పెళ్లాం పిల్లలతో వస్తే వంటింట్లోకి. నేను వస్తే మాత్రం మాటే ఉండదు, మగ్గం ఆగిపోతుంది. అత్తమ్మ గుంటలోంచి లేచి కొంగు సర్దుకుని వంటింట్లోకి వెళ్లిపోతుంది. మామ నాకు కుర్చీ వేస్తాడు. అల్లుడు వచ్చినప్పుడు మగ్గం ఆడకూడదన్నది ఆ ఇంటి పద్ధతి. అత్త, అల్లుడి ఎదుట నిలబడి మాట్లాడకూడదన్నది ఇంకో పద్ధతి. "కూర ఇంకింత ఏద్దునా?" అని అడగాలన్నా ఆమె తన బిడ్డను అడుగుతుంది, మా ఆవిడ నన్ను అడుగుతుంది, నేను మా ఆవిడకు జవాబు చెబుతాను. ఇదంతా చెయ్యి చాపితే అందేంత దూరంలో కూర్చుని. పెళ్లయిన కొత్తలో నవ్వొచ్చేది. తరువాత అలవాటైంది. ఇంకా తరువాత, సిగ్గు విడిచి చెబుతున్నాను, బాగా నచ్చింది. ఒక మనిషి రాగానే పని మొత్తం ఆగిపోయే ఇల్లు ఎవరికి చేదు?

నేను హనుమకొండలో ఒక చిన్న ఆఫీసులో వెబ్ అప్లికేషన్లు రాస్తాను. కొత్తవాడ నేతగాళ్ల సంఘం వాళ్లు తమకొక అప్లికేషన్ కావాలని వచ్చినప్పుడు ఆ పని నాకే పడింది. సంఘం మేనేజరు అత్తమ్మను వదినా అని పిలిచే మనిషి. "మనింటి అల్లుడే చేస్తాండు, ఇంక మనకేం ఫికర్" అని కొత్తవాడంతా చెప్పుకొచ్చాడు. ఆ మాట అత్తమ్మ చెవిన పడిన రోజు మా ఇంటికి కాజీపేటకు చికెన్ కూర వచ్చింది, మా ఆవిడ చేతుల మీదుగా.

అప్లికేషన్‌లో లాగిన్ పేజీ అందరికీ ఒకటే. ఫోన్ నంబరు కొట్టి, వచ్చిన ఓటీపీ వేస్తే లోపలికి వస్తారు. అక్కడి నుంచి ఎవరిని ఏ కంట్రోలర్ దగ్గరికి పంపాలో నేను రాసిన ప్రోగ్రాం తేల్చాలి. కంట్రోలర్ అంటే మరేం లేదు, వచ్చినవాళ్లకు ఏం చూపించాలో, వాళ్లు ఏదైనా నొక్కితే ఏం చేయాలో చూసుకునే కోడ్. నేను మూడు రాశాను. నేసేవాళ్లకు ఒకటి. అందులో పెద్ద పచ్చ బటన్ ఉంటుంది, దాని మీద 'నేత అయిపోయింది' అని రాసి ఉంటుంది. నొక్కితే ఒక జంపఖానా తయారైనట్టు. సంఘం డైరెక్టర్లకు రెండోది. అందులో కొత్త డిజైన్ బొమ్మ కనబడుతుంది, కింద 'ఒప్పుకుంటున్నాను' అని బటన్. అదీ పచ్చదే. ఇంకో రంగు వెతకడానికి నాకు బద్ధకమేసింది. కొనేవాళ్లకు మూడోది. తయారైన సరుకు చూసి అక్కడే బుక్ చేసుకోవచ్చు.

సంఘం హాల్లో అందరినీ కూర్చోబెట్టి ఇది చూపించిన రోజు నేను మా అత్తగారి గుమ్మం గురించి చెప్పాను. "మా అత్తమ్మ మగ్గం మీంచి లేవకుండానే ఎవరిని ఎటు పంపాలో అటు పంపుతుంది చూడండి, నా ప్రోగ్రాం కూడా అంతే" అన్నాను. అందరూ నవ్వారు, చప్పట్లు కొట్టారు. వెనక వరుసలో అత్తమ్మ తల వంచుకుని కొంగు చివర మెలిపెడుతూ కూర్చుంది. పొంగిపోయిందని నాకు తెలుసు. నేనూ పొంగిపోయాను.

కొన్నాళ్లకు సంఘం ఎన్నికలు వచ్చాయి. అత్తమ్మ డైరెక్టరుగా గెలిచింది. ఊరికే నిలబడలేదామె. డైరెక్టర్లు ఒప్పుకున్న డిజైన్లలో కొన్ని కాగితం మీద బాగుంటాయి, మగ్గం మీద భుజాలు పడిపోయేలా చేస్తాయి. "ఒప్పుకునేటోళ్లల్ల నేసేటోళ్లు ఒక్కలన్న ఉండాలె గదా" అన్నది ఆమె ఇంటింటికీ తిరిగి చెప్పిన మాట. మిగతా డైరెక్టర్లంతా మగ్గం దిగి చాలా ఏళ్లయినవాళ్లు. ఒకాయనకు బట్టల దుకాణం, ఒకాయనకు టెంట్ హౌస్, మిగతావాళ్ల ఇళ్లలో పిల్లలు ఉద్యోగాలు చేస్తున్నారు.

సంఘం ఆఫీసు వాళ్లు అప్లికేషన్‌లో ఆమె పేరు పక్కన, నేత అని ఉన్నచోటే, డైరెక్టర్ అని కూడా చేర్చారు. మొదటి డిజైన్ ఒప్పుకోలుకు వచ్చింది. ఆ సాయంత్రం నేను టీవీ ముందున్నాను. మా ఆవిడ ఫోన్ చెవి దగ్గర పెట్టుకునే వచ్చింది.

"అమ్మకు డిజైన్ బొమ్మ వస్తలేదట."

"నెట్ స్లోగా ఉంటే బొమ్మ రాదు. బటన్ ఉందా?"

"పచ్చ బటన్ ఉన్నదట."

"ఇంకేం, నొక్కమను."

ఆమె ఫోన్‌లో చెప్పింది, విన్నది, మళ్లీ నా వైపు తిరిగింది. "అది నేత బటన్ గదా బిడ్డా అంటాంది."

"ఎవరొచ్చారో, ఏ పనో ప్రోగ్రాం చూసుకుంటుంది. చెప్పినట్టు నొక్కమను. అన్నీ మీ అమ్మకు అర్థం కావాలంటే అయ్యే పనేనా?"

చివరి మాట మా ఆవిడ చెప్పలేదు. కానీ ఫోన్ నా పక్కనే ఉంది. తెలుగు మాట గాల్లో పోవడానికి నెట్ అక్కర్లేదు.

ఇంకో డిజైన్ వచ్చినప్పుడు అదే అడిగించింది. "అందరికీ బాగానే వస్తోంది, మీ అమ్మ ఒక్కదానికే రావడం లేదంటే ఏదో తప్పు నొక్కుతోంది" అన్నాను. అందరికీ వస్తోందన్నది నిజమే. మా పనిలో ఉన్నవాళ్లం ఈ ఒక్క నిజంతో ఎంతమంది నోళ్లు మూయించామో లెక్క లేదు. ఆ తరువాత ఆమె అడిగించడం మానేసింది. సమస్య తీరిందనుకున్నాను.

ఒక ఆదివారం భోజనానికి కొత్తవాడ వెళ్లాం. వీధి మలుపు నుంచే మగ్గం చప్పుడు వినబడుతోంది. గుమ్మంలో చెప్పులు విడిచాను, దగ్గాను, గొంతు సవరించుకున్నాను. మగ్గం ఆగలేదు. అత్తమ్మ కొంగు నెత్తి మీదికి లాక్కుని ఇంకా జోరుగా నేస్తోంది. మామ మాత్రం తల తిప్పి, "ఏమనుకోకు అల్లుడా, ఆ కుర్చీ జర నువ్వే ఏసుకో" అన్నాడు.

కుర్చీ వేసుకోలేదు. మంచం అంచున ముళ్ల మీద కూర్చున్నట్టు కూర్చున్నాను. మా ఆవిడ మంచినీళ్లిస్తే దాహం లేదన్నాను. నిజానికి దాహంగానే ఉంది. డైరెక్టరయ్యాక అల్లుడు కంటికి ఆనడం లేదు కాబోలు అని మనసులో ఒక మాట, దాని తోకకు ఇంకో మాట కట్టుకుంటూ కూర్చున్నాను. ఆ మాటలన్నీ ఇప్పుడు రాయలేను. చదివేవాళ్లలో మా ఆవిడ కూడా ఉంటుంది.

గది నిండా ఎర్ర నూలే. మూలన మడతపెట్టిన జంపఖానాలు నడుమెత్తున ఉన్నాయి. మా ఆవిడ వాటిని చూసి అడిగింది. "ఎవలకే ఇన్ని?"

"సంఘానికి" అన్నది అత్తమ్మ.

"ఆర్డరా?"

"ఆర్డరే."

"ఆర్డర్ గాదు బిడ్డా" అన్నాడు మామ నాడె అందుకుంటూ. "అల్లుని ఇజ్జత్ నేస్తానం."

"ఊకోరాదు నువ్వు!"

"ఎన్నొద్దులు ఊకోవాలె? నా రెక్కలు పోతానయి. అల్లుని ఇజ్జత్ ఇంత వెడల్పు ఉంటదని ఎరుకయితే పిల్లను ఇయ్యకపోదును."

మా ఆవిడ వెళ్లి నాడెను చేత్తో పట్టేసుకుంది. అప్పుడు ఆగింది మగ్గం. సంగతి మొత్తం మామే చెప్పాడు, అత్తమ్మ మధ్యమధ్యలో "చాలు, చాలు" అంటుండగా.

డిజైన్ వచ్చినప్పుడల్లా ఆమె నేను చెప్పినట్టే పచ్చ బటన్ నొక్కింది. నొక్కినప్పుడల్లా ఆమె పేరు మీద ఒక జంపఖానా తయారైనట్టు పడింది. ఒకసారి నొక్కి నమ్మకం కుదరక మళ్లీ మళ్లీ నొక్కినవి కూడా ఉన్నాయి. లేని సరుకంతా కొనేవాళ్ల పేజీలో కనబడింది. హైదరాబాద్‌లో ఎవరో షాపాయన అవన్నీ ఒకేసారి బుక్ చేసుకున్నాడు. మేనేజరు ఆటో వేసుకుని సరుకు తీసుకుపోవడానికి వచ్చాడు.

"జర టైమియ్యి మరిదీ, అంచులు కట్టేది ఉన్నది" అని చెప్పి పంపించిందట అత్తమ్మ. ఆ రోజు నుంచి ఇద్దరూ నేస్తూనే ఉన్నారు, ఫోన్ చెప్పిన అబద్ధం నిజమయ్యేదాకా.

సంఘంలో మాట పాకిపోయింది. టెంట్ హౌస్ ఆయన, "వదినె డైరెక్టరయినంక జంపఖానాలు మగ్గం మీద గాదు, మొబైల్ల నేస్తాంది" అన్నాడట. నేయనివి నేశానని చూపించిందన్న మాట నేతగాళ్లలో మామూలు మాట కాదు. 

"మరి అల్లుడు చెప్తేనే ఒత్తిన అని జెప్పకపోయినవా?" అన్నది మా ఆవిడ.

అత్తమ్మ బిడ్డ మీద కళ్లెర్రజేసింది. "అల్లుని పని మంచిగ లేదని అత్త నలుగురిల చెప్తదా? బాగుంటదా?" తరువాత గొంతు తగ్గించి, నేనక్కడ లేనట్టు, నాకు వినబడేలా చెప్పింది. "అల్లునికి జెప్పు, ఫికర్ జేయొద్దని. ఇంక కొన్నే ఉన్నయి, నేసేస్తం. ఈ మీటింగుల నేను డైరెక్టర్‌కెల్లి దిగిపోత. ఫోన్ తెల్వని దానికి డైరెక్టర్ ఎందుకు? ఎవలకు ఏం ఎరుక గాదు."

నేను ఆమె ఫోన్ అందుకున్నాను. లాగిన్ అయ్యాను. నేత పేజీ వచ్చింది. అదొక్కటే వచ్చింది.

కోడ్ తెరిచి చూడాల్సిన అవసరం కూడా లేకపోయింది, నేను రాసిందేగా. వచ్చింది నేసేవాళ్లా? అయితే అటు పంపు. కాకపోతే, డైరెక్టరా? అయితే ఇటు పంపు. ఏ మాట ముందు కుదిరితే అక్కడితో ఆగిపోతుంది. అత్తమ్మ రెండూ. కాబట్టి రెండో తలుపు దాకా ఆమె ఎప్పటికీ చేరదు. మిగతా డైరెక్టర్లెవరూ నేయరు, నేసేవాళ్లలో వాళ్ల పేర్లు లేవు, అందుకే వాళ్లకు 'బాగానే వస్తోంది'.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఆ రెండు వాక్యాలు రాసేటప్పుడు నా చెయ్యి ఒక్క క్షణం ఆగింది. ఒకే మనిషి రెండూ అయితే? అన్న ప్రశ్న వచ్చింది. డైరెక్టర్లయ్యాక ఇంక మగ్గం ఎవరెక్కుతారులే అనుకుని ముందుకు పోయాను. రంగుల తమ్ముణ్ని పెరట్లోకి పంపే నోటితోనే వంటింట్లోకి పంపడం ఆ గుమ్మంలోనే ఎన్నిసార్లో విన్నాను. హాల్లో చప్పట్లు కొట్టించుకున్నది ఆ గుమ్మం పేరు చెప్పే. నేను చూసింది మాత్రం నాకు వేసే కుర్చీని.

"మీటింగులో నేను చెబుతానని మీ అమ్మకు చెప్పు" అన్నాను మా ఆవిడతో.

"వద్దని జెప్పు" అన్నది అత్తమ్మ.

"చెప్పి తీరతానను."

"చెప్తే మంచిగుండదను."

"మీ ఇద్దరి నడుమ నాకు మెడ పట్టేసింది" అన్నది మా ఆవిడ. "నేను అన్నం పెడుతున్న. ఏమన్న ఉంటే మీరే చూసుకోండ్రి."

మేమిద్దరం ఏమీ చూసుకోలేదు. ఆమె మగ్గం వైపు, నేను గోడ వైపు చూస్తూ కూర్చున్నాం. మామ బీడీ వెలిగించుకుని, రెక్కలు చాపి, చాలా రోజులకు హాయిగా నవ్వాడు.

ఆ సాయంత్రమే కోడ్ మార్చాను. రెండు పనులూ ఉన్నవాళ్లు లోపలికి వస్తే 'ఇప్పుడు ఏ పని మీద వచ్చారు?' అని అడుగుతుంది, నేత, డైరెక్టర్ అని రెండు తలుపులు చూపిస్తుంది. నేత బటన్‌ను ఎర్రగా చేశాను. అంతా కలిపి అంట్లు తోమినంతసేపు కూడా పట్టలేదు. అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

మీటింగు రోజు హాల్లో అందరూ జంపఖానాల మీద కూర్చున్నారు. మేనేజరును అడిగి ముందు నేను నిలబడ్డాను. తప్పు నాదని, అత్తమ్మ అడిగించినప్పుడు కూడా వినకుండా తనే తప్పు నొక్కుతోందని అన్నానని, నేను నొక్కమన్నందుకే నొక్కిందని చెప్పాను. మిగతావాళ్లకు ఎందుకు సరిగా వచ్చిందో కూడా చెప్పాను.

టెంట్ హౌస్ ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "అంటే తమ్మీ, మేం నేసుడు బందు వెట్టినం గనుక మాకు మంచిగ నడిచిందంటవ్ నీ మిషిని?"

ఆయనను నొప్పించాలని కాదు. కానీ ఉన్నమాట అదే. "అవునండీ" అన్నాను.

నేసేవాళ్ల వరుసల్లోంచి ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు ముందు వరుస దాకా పాకింది. మేనేజరు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. చివరికి టెంట్ హౌస్ ఆయన కూడా, "మిషిని గూడ మనల్ని గుర్తువట్టింది పో!" అని తొడ మీద కొట్టుకుని నవ్వాడు.

నవ్వనిది అత్తమ్మ ఒక్కతే. లేచి నిలబడింది. నలుగురిలో అల్లుడు తల వంచుకుని నిలబడటం ఆమెకు చూడబుద్ధి కాలేదు.

"చాలు కొడుకా, కూసో" అన్నది.

చుట్టూ చూశాను, మా ఆవిడ ఎక్కడుందా అని. ఆమె మీటింగుకు రాలేదు. ఆ మాట నాతోనే అన్నది. కూర్చున్నాను. అత్తమ్మ కూర్చోలేదు.

"ఒక్కటి అడుగుత. బొమ్మ వస్తలేదని నేను జెప్పించిన్నా, లేదా?"

"చెప్పించారు అత్తమ్మా."

"మల్ల ఎందుకు ఇనలే?"

నెట్ గురించి ఏదో చెప్పబోయాను. నోట్లోంచి వేరే వచ్చింది. "అడిగింది మీరు కాబట్టి వినలేదు అత్తమ్మా. మేనేజరు అడిగి ఉంటే అప్పుడే చూసేవాణ్ని."

"ఇంకోసారి చెప్తే ఇంటవా?"

"వింటాను."

"అయితే నేను దిగుడెందుకు?" అని హాలు వైపు తిరిగింది. "దిగ. ఏమంటరు?"

"దిగుమన్నదెవలు వదినా!" అన్నాడు మేనేజరు. "కూసో, కొత్త డిజైన్ ఒకటి ఉన్నది."

ఆమె ఫోన్ తీసింది. రెండు తలుపులు వచ్చాయి. డైరెక్టర్ అన్నది నొక్కింది. బొమ్మ వచ్చింది. వేలితో పెద్దగా చేసి, అటూ ఇటూ తిప్పి చాలాసేపు చూసి, "ఈ నడుమ పువ్వు నేసేటోని భుజం ఇరుగుతది. ఒప్పుకోను" అన్నది. ఆ రోజు దాకా ఆ పేజీలో ఒప్పుకోనని చెప్పే బటన్ పెట్టాలని నాకు తోచలేదు. దాన్ని కూడా పెట్టాల్సి వచ్చింది.

హైదరాబాద్ షాపాయనకు మేనేజరు జరిగిన సంగతి చెబితే, ఆయన ఆగుతానన్నాడు. మిగిలిన జంపఖానాలు వీధిలో మగ్గాలన్నీ పంచుకున్నాయి. టెంట్ హౌస్ ఆయన పట్టుదలకు పోయి తనూ ఒక మగ్గం మీద నేయడానికి కూర్చున్నాడు. లేచేటప్పుడు ఇద్దరు పట్టి లేపారట.

ఇప్పుడు అత్తమ్మ నాకే ఫోన్ చేస్తుంది. పొద్దున ఆఫీసు హడావిడిలో ఉండగా, వెనక మగ్గం చప్పుడుతో.

"అల్లుడా, నీ మిషిని దినాం అడుగుతాంది, ఏ పని మీద వచ్చినవ్ అని. రంగుల తమ్మున్ని నేను అడుగుతనా? చేతిల ఏమున్నదో చూస్తె తెల్వదా?"

"మీరే ఏదో..." అన్న మాట నాలుక చివరి దాకా వస్తుంది. పూర్తిగా మారానని చెప్పలేను. మింగేసి, "చూస్తాను అత్తమ్మా" అంటాను. చూస్తున్నాను కూడా. అది అంత తేలిక పని కాదు.

మొన్న ఆదివారం వెళితే మగ్గం ఆగలేదు. మామ కుర్చీ వేయలేదు. అత్తమ్మ తల ఎత్తలేదు, చెయ్యి ఆపలేదు. "అల్లుడా, వంటింట్లకు పో. చాయ్ పొయ్యి మీద ఉన్నది, నువ్వే పోసుకో. మాకు గూడ ఇంత తే" అన్నది.

వెళ్లాను. అల్మారా తీశాను, డబ్బాలు కదిపాను. ఇన్నేళ్లుగా ఆ ఇంట్లో చాయ్ తాగుతున్నాను, గ్లాసులు ఎక్కడుంటాయో నాకు తెలియదు.

"అండ్ల గాదు" అన్న కేక మగ్గం మీంచి వచ్చింది. "గోడకు జూడు, చెక్క మీద గ్లాసులు!"